తీగ అవతలి కొస

మా పెద్దమ్మ ఆరాయికి ముందు కోపం పుట్టి, తర్వాత ఆమె పుట్టిందని మా ఇంట్లో అంటారు. నేను ఆమె చెల్లెలి కూతుర్ని, సత్యని. ఆ కోపంలో నా వాటా నాకూ వచ్చింది కాబట్టి ఇద్దరం ఒకే చోట పడి ఉండగలుగుతున్నాం. కోయంబత్తూరు పక్క తుడియలూరులో మేం పనిచేసేది ఒకే పంపు మోటార్ల వర్క్‌షాపు. ఆమె మోటార్లకు తీగ చుడుతుంది. చుట్టినవాటిని నీళ్ళ తొట్టిలో ముంచి కరెంటు కారుతోందో లేదో చూసేది నేను. ఆమె చుట్టిన మోటారు నా తొట్టిలోకి వస్తే మీటరు వంక మర్యాద కోసం ఒకసారి చూసేదాన్ని, అంతే.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పకపోతే మిగతాది మీకు ఎక్కదు. బోరుబావిలోకి దించే మోటారు పొట్టలో పొడుగాటి ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని స్టేటర్ అంటాం. దాని మందపాటి గోడలో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. ప్లాస్టిక్ తొడుగున్న రాగితీగను ఒక రంధ్రంలోంచి పంపి, ఇంకో దాంట్లోంచి వెనక్కి తెచ్చి, మళ్ళీ పంపి, మళ్ళీ తెచ్చి, అన్నీ కిక్కిరిసేదాకా నింపాలి. ఒంటరిగా అయ్యే పని కాదు. స్టేటర్‌ను స్టాండు మీద అడ్డంగా పడుకోబెట్టి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చుంటారు. ఒకామె తోస్తుంది, రెండో ఆమె అందుకుని ఉన్న తీగనంతా బారలు బారలుగా తనవైపు లాక్కుంటుంది. బిగువుగా వచ్చాక రెండుసార్లు చిన్నగా గుంజుతుంది. "నా దగ్గర అయింది, ఇక నీ దగ్గరికి పంపుతున్నా" అని దానికి అర్థం. అప్పుడు ఈమె తోస్తే ఆమె లాగాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఇదే.

స్టేటర్ నడుమ మోటారు ఇరుసు పట్టేంత పెద్ద కంత ఉంటుంది. అందులోంచి చూస్తే అవతలి మనిషి ముఖం గుండ్రంగా, పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. మా పెద్దమ్మ ఇన్నేళ్ళూ ఆ కంతలోంచి చూసిన ముఖం కమలమ్మాళ్‌ది. మిగతా జోడీలు మారాయి, ఈ జోడీ మారలేదు. ఆరాయి మాట్లాడదు, కమలమ్మాళ్ ఆగదు. పక్కింటి కోడలు పులుసులో ఏం వేసింది, బస్సులో ఎవరు ఎవరిని తోశారు, అన్నీ ఆ కంతలోంచే ఇటు వచ్చిపడేవి. మా పెద్దమ్మ "ఊఁ" అనేది, లేకపోతే "నోరు మూసుకోవే" అనేది. వాళ్ళిద్దరి స్నేహమంతా ఆ రెండు మాటల మీద నడిచింది.

కుడి రొమ్ములో గడ్డ తగిలిన సంగతి కూడా పెద్దమ్మ మొదట చెప్పింది మొగుడికి కాదు. ఆ కంతలోంచి చెప్పింది.

"కమలా, నాకి రొమ్ముల ఒగ గడ్డ ఉండాది," అంది.

కమలమ్మాళ్ చేతిలో తీగ ఆగిపోయింది. కంతకు ముఖం ఆనించి చూసింది.

"ఏంటికే అట్ల సూస్తావు? తీగ లాగు," అంది పెద్దమ్మ.

ఆ తర్వాత ఆపరేషన్, మందులు, రేడియేషన్, జుట్టు రాలడం, జుట్టు రావడం. అవన్నీ ఇక్కడ రాయను, పెద్దమ్మకు నచ్చదు. "నేను బతికిన కత సెప్పు, పడుకున్న కత ఏంటికి?" అంటుంది. మా పెద్దనాయన చిన్నప్పన్ ఆ రోజుల్లో రసం పెట్టడం నేర్చుకున్నాడు. ఆ రసం తాగి కూడా ఆమె కోలుకుందంటే గట్టి ప్రాణమే. కంపెనీ మొదలాళి, అంటే యజమాని, మంచివాడు, "ఆరాయి చోటు ఆరాయిదే, నయమయ్యాక రమ్మను" అన్నాడు. జబ్బు తగ్గిందని డాక్టరు చెప్పిన వారమే ఆమె పనికి వచ్చేసింది. ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండమని మా అమ్మ పోరింది.

"ఇంట్ల కూసుంటే నేను జబ్బుమనిసిని," అంది పెద్దమ్మ. "ఆడ స్టేటర్ ముందు కూసుంటే నేను ఆరాయిని. నన్ను ఆరాయిగా ఉండనీ."

మా అమ్మ లేచి టిఫిన్ డబ్బా కట్టిచ్చింది. నాకైతే ఆ రోజు పెద్దమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే తన్నేది.

వచ్చిన కొన్నాళ్ళకే తెలిసింది, రోగం పోయినా దాని తోక పోలేదని. ఆపరేషన్లో చంకలోని గ్రంథులు తీసేశారు కాబట్టి కుడిచేతిలో నీరు నిలబడి వాస్తుంది. ఆసుపత్రివాళ్ళు మణికట్టు నుంచి భుజం దాకా బిగుతైన తొడుగు ఇచ్చారు. పెద్దనాయన పొద్దున్నే ఆమె చేతికి పౌడరు పూసి, దిండుకు గలీబు తొడిగినట్టు ఆ తొడుగును ఎక్కించేవాడు, ఆమె తిడుతుంటే తలూపుతూ. అయినా సాయంత్రానికి చెయ్యి బరువెక్కి, వేళ్ళు ముడుచుకునేవి కావు. వైండింగ్‌లో అసలు బలమంతా లాగడంలోనే ఉంది. పెద్దమ్మ లాగలేకపోతోంది.

మా సూపర్‌వైజర్ శంకరన్ దుర్మార్గుడేం కాదు, కానీ ఆయనకు ఒకటే సూత్రం. లాగలేనివాళ్ళు స్టిక్కర్ బెంచికి పోవాలి. గేటు పక్కన, గోడకు ముఖం పెట్టుకుని, అట్టపెట్టెల మీద కంపెనీ పేరు అంటించే బల్ల అది. ఒంటిమనిషి పని. అక్కడికి పోయినవాళ్ళెవరూ మళ్ళీ స్టేటర్ ముందుకు రాలేదు. కొన్నాళ్ళు స్టిక్కర్లు అంటించి, తర్వాత ఇంటికి పోయారు. పెద్దమ్మ రాకాసిలాంటి రోగానికి భయపడలేదు గానీ ఆ బెంచికి భయపడింది.

కాబట్టి కమలమ్మాళ్ ఒక ఉపాయం కనిపెట్టింది. ఇటు నుంచి తీగ తోసేది. వెంటనే లేచి స్టేటర్ చుట్టూ తిరిగి అటు పోయి, పెద్దమ్మ వైపు నుంచి తానే లాగేది. లాగి, మళ్ళీ చుట్టూ తిరిగి ఇటు వచ్చి కూర్చుని, పెద్దమ్మ ఎడమచేత్తో తోసిన తీగను ఇటు నుంచి లాగేది. రెండు కొసలా ఒక్క మనిషే కాబట్టి ఆ గుంజుడు సైగ కూడా పోయింది. తనకు తాను ఎవరైనా సైగ చేసుకుంటారా? సెక్షన్‌లో మిగతా ఆడవాళ్ళు కాపలా కాసేవాళ్ళు. శంకరన్ వస్తుంటే జెనిఫర్ అనే అమ్మాయి గట్టిగా దగ్గేది, కమలమ్మాళ్ టక్కున తన చోట కూలబడేది. రెండు నెలల్లో జెనిఫర్‌కు నిజంగానే గొంతు పట్టేసింది.

"నేనేమన్నా మారియమ్మనా, నా సుట్టూ తిరిగేదానికి?" అని పెద్దమ్మ కంతలోంచి కసిరేది.

"నీకి అంత యోగ్యత ఏడుందక్కా? సుమ్మా గమ్మునుండు. నా నడుము సన్నబడాలని తిరుగుతుండా," అనేది కమలమ్మాళ్, రొప్పుతూ.

పెద్దమ్మ ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసేది. తన పని ఇంకొకరు చేస్తే తినే కూడు అరగని మనిషి. కానీ వద్దంటే స్టిక్కర్ బెంచి. వద్దనకపోతే కమలమ్మాళ్ నడుము. మింగలేదు, కక్కలేదు.

అలాంటప్పుడు శంకరన్ ఒకరోజు, వచ్చే మంగళవారం ఆసుపత్రి నుంచి ఒక మేడం వచ్చి ఆరాయి పని చూస్తుందని చెప్పాడు. ఆ ఆసుపత్రిలో క్యాన్సర్ తగ్గినవాళ్ళు మళ్ళీ తమ పనిలో నిలదొక్కుకునేటట్టు చూసే విభాగం ఒకటుంది. చెకప్‌కు పోయినప్పుడు అక్కడి నర్సు "మీ పనిచోటికి మా మనిషిని పంపించమంటారా?" అని అడిగిందట. పెద్దమ్మ బస్సు పోతుందనే తొందరలో తలూపి వచ్చేసింది. దేనికి ఊపిందో ఆమెకే తెలీదు. మాకు మాత్రం ఒకటే అర్థమైంది. ఇన్‌స్పెక్షన్. మేడం వస్తుంది, చెయ్యి చూస్తుంది, పనికిరాదంటుంది, పెద్దమ్మ గేటు పక్కన గోడకు ముఖం పెట్టుకుంటుంది.

మేం పన్నిన పన్నాగం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం యుద్ధానికి పోతున్నట్టే ఉన్నాం. మా వర్క్‌షాపులో ఆడవాళ్ళం చీర మీద కంపెనీ చొక్కా వేసుకుంటాం. వాచిన చెయ్యి కనబడకుండా పెద్దనాయన పాత ఫుల్‌చేతుల చొక్కా వేయించాం. బిగుతు తొడుగు తీయించి నా టిఫిన్ సంచిలో దాచాం, అది చూస్తే రోగం గుర్తొస్తుందని. అన్నిటికంటే పొట్టి స్టేటర్ వెతికి, ముందే ముప్పాతిక భాగం చుట్టేసి, చివరి నాలుగు చుట్లు ఉంచాం. తీగ పొట్టిదైతే లాగడం సుళువు. ఇక మాకు అసలైన ధైర్యం మా మాట. వైండింగ్‌లో ఉన్న మేమందరం తెలుగిళ్ళవాళ్ళం. శంకరన్‌కు తమిళం తప్ప రాదు. ఆయన ఎదురుగానే ఆయన మీసం గురించి మాట్లాడుకుంటూ ఇన్నేళ్ళు హాయిగా బతికాం. మేడం ముందూ అలాగే సైగలు ఇచ్చుకోవచ్చనుకున్నాం.

మేడం పేరు కళైవాణి. సన్నగా, కాటన్ చుడిదార్‌లో, నా వయసే ఉంటుంది. స్వచ్ఛమైన కోయంబత్తూరు తమిళంలో అందరికీ వణక్కం చెప్పింది. పెద్దమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నొప్పి ఉందా అని అడిగింది. పెద్దమ్మ లేదంది. వాపు? లేదు. తొడుగు వేసుకోరా? అక్కర్లేదు మేడం.

"నగవే అక్కా, ఏడుపుమొగం పెట్టుకోమాక," అని కమలమ్మాళ్ కంతలోంచి తెలుగులో అరిచింది.

పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు చూస్తే పిల్లలు జడుసుకుంటారు.

"బయపడొద్దక్కా, పొట్టిదే పెట్టినాము," అంది జెనిఫర్. "మేడం తొట్టి పక్క సూస్తానే నువ్వు పో కమలక్కా!"

చిత్రం ఏమిటంటే, మేడం సరిగ్గా అప్పుడే నా తొట్టి వైపు తిరిగి నన్నేదో అడిగింది. కమలమ్మాళ్ చుట్టూ తిరిగి లాగి, వెనక్కి వచ్చి కూర్చుంది. "ఇంగొకతూరి!" అని ఎవరో అనగానే మేడం పైన ఫ్యాను వంక చూసింది. ఆ పిల్ల మాకు కావలసినప్పుడల్లా తల తిప్పింది. దేవుడు మా పక్షాన ఉన్నాడని నేను నిజంగా నమ్మాను.

వెనక నుంచి చూస్తున్న శంకరన్ మీసం కింద నవ్వుకున్నాడు. "చూశారా మేడం, మా ఆరాయి పాత ఆరాయే," అన్నాడు.

"నేను ఇంకా చూడాల్సింది ఉంది సార్. మళ్ళీ వస్తాను. అప్పటిదాకా పని పెంచకండి," అంది మేడం. కమలమ్మాళ్ నీళ్ళు తాగడానికి లేవగానే, పెన్ను కింద పడితే తీసుకోవడానికన్నట్టు ఆ పక్కకు పోయి వంగింది. వంగి, కంతలోంచి పెద్దమ్మ వంక చూసింది. ఆమె అన్నది పెద్దమ్మ ఒక్కతే విన్నది, నాకు ఇంటికొచ్చాక చెప్పింది.

"పెద్దమ్మా, మాది పోదనూరు. మా తాత రైల్లో గ్యాంగ్‌మ్యాను. మా ఇంట్ల కూడా ఈ మాటే," అందట ఆ పిల్ల, పనిని మాలాగే 'వేల' అంటూ. "నేను మీ వేల తీసేదానికి రాలే, నిలబెట్టేదానికి వచ్చినా. కానీ మీ చెయ్యి సంగతి నేను సెప్పేది తప్పు, మీరే సెప్పాల. సెప్పినంక ఫోన్ కొట్టండి, మీ పక్కన వచ్చి నిలబడతా. ఆ తొడుగు మాత్రం ఇప్పుడే ఏసుకోండి."

మేం అరిచినప్పుడల్లా మేడం ఎందుకు తల తిప్పిందో నాకు అప్పుడు అర్థమైంది. అయినా ఆ రాత్రంతా ఆలోచించి కూడా పెద్దమ్మ ఫోన్ చేయలేదు. చెప్తే చోటు పోదని ఆ పిల్ల ఒట్టేయలేదుగా అంది. ఆమె భయం నాకు తెలుసు, నేనూ ఒత్తిడి చేయలేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది మా పని. ఆరాయి లాగడం కళ్ళారా చూసిన శంకరన్‌కు మేడం చెప్పిన మాట ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోయింది. తిరుమంగళం వైపు రైతులకు పంపాల్సిన పెద్ద మోటార్లు తొందర మీద ఉన్నాయి. గురువారం పొద్దున వాటిలో ఒకటి తెప్పించి ఆరాయి, కమలమ్మాళ్ స్టాండు మీద పెట్టించాడు. మా షాపులో అంతకంటే పొడుగుది లేదు. తీగ లావు, బారలు బారలు. "మీ జోడీని మించిన జోడీ ఏది?" అని మెచ్చుకుని మరీ పోయాడు.

కమలమ్మాళ్ తిరిగింది. తోసింది, పరుగెత్తింది, లాగింది, పరుగెత్తింది. మధ్యాహ్నానికి జెనిఫర్ ఇంకొకామెతో కలిసి కాసేపు చెయ్యి వేసింది, కానీ వాళ్ళ స్టేటర్ వాళ్ళకూ ఉంది. శుక్రవారం కూడా అదే. పెద్దమ్మ తాను లాగుతానని పట్టుపట్టి నాలుగైదు సార్లు లాగింది. తొడుగు కింద చెయ్యి ఎర్రబడి వేడెక్కింది. కమలమ్మాళ్ తీగ లాక్కుని "పోక్కా, మూల కూసో" అంది.

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక పని మొదలైంది. నేను తొట్టి దగ్గర ఉన్నాను. ఏదో తేడాగా ఉందని తల ఎత్తి చూస్తే, షాపులో ఏ శబ్దం లేదో అప్పుడు తెలిసింది. కమలమ్మాళ్ మాట్లాడడం లేదు.

"కమలా," అంది పెద్దమ్మ కంతలోంచి. "ఏంటికే గమ్మున ఉండావు?"

పెద్దమ్మ వంగి చూసింది. గుండ్రటి కంతలో కమలమ్మాళ్ ముఖం ఉంది. కొంగు పళ్ళ మధ్య బిగబట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, కుడిభుజం పట్టుకుని కూర్చుని ఉంది. తీగ మాత్రం వదల్లేదు.

మా పెద్దమ్మ లేచింది. ఆమె తన నొప్పిని ఎన్నాళ్ళయినా దాచగలదు. కమలమ్మాళ్ నొప్పిని ఒక్క క్షణం కూడా చూస్తూ ఊరుకోలేదు. చేతిలో తీగను కింద పారేసి, సెక్షన్ మొత్తం చూస్తుండగా శంకరన్ బల్ల దగ్గరికి పోయింది. కోపంలో తెలుగులోనే మొదలుపెట్టింది.

"అణ్ణా, నేను రెండు నెల్లుగా వేల సెయ్యలే! నా వేల ఆయమ్మ సేసె! నా వల్ల ఆయమ్మ బుజం పోయె! మేమంతా కలిసి నీ కండ్లకి గంతలు కట్టినాము!"

"ఏంటమ్మా, ఏం చెప్తున్నావు?" అన్నాడు శంకరన్ తమిళంలో, బిత్తరపోయి.

పెద్దమ్మ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, తొడుగు కిందికి లాగేసి, చేతిని ఆయన బల్ల మీద పెట్టింది. తొడుగు ముడతలు చర్మం మీద అచ్చుపడి ఉన్నాయి. వేళ్ళు అరటిపళ్ళలా ఉన్నాయి. ఆ చెయ్యి చూశాక ఆయనకు అనువాదం అక్కర్లేకపోయింది.

ముందు కమలమ్మాళ్‌ను డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ తర్వాత మమ్మల్నందరినీ నిలబెట్టి తిట్టాడు. తిట్లలో న్యాయం ఉంది కాబట్టి తల వంచుకుని తిన్నాం. చివర్లో, ఇక ఆరాయి సోమవారం నుంచి స్టిక్కర్ బెంచి అన్నాడు. జెనిఫర్ ఏడవడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ ఏడవలేదు. ఈసారి తమిళంలోనే, నెమ్మదిగా చెప్పింది. "ఆ మేడంను పిలువు అణ్ణా. ఈసారి నా చెయ్యి ఎట్లుందో అట్లే చూపిస్తా. ఆమె చూసి, ఈ పని నీవల్ల కాదంటే, నేనే నడుచుకుంటా గేటు దగ్గరికి పోతా."

ఆయన ఆ చెయ్యిని ఇంకోసారి చూసి, ఫోన్ తీశాడు.

కళైవాణి సోమవారం వచ్చింది. ఈసారి చిన్న స్టేటరూ లేదు, పెద్ద చొక్కా లేదు. పెద్దమ్మ తొడుగు వేసుకుని కూర్చుంది, కమలమ్మాళ్ లేదు కాబట్టి నేను అవతల కూర్చున్నాను. నా తోపుడు చూసి పెద్దమ్మ నన్ను పేరు పెట్టి తిట్టిందంటే మనిషి మామూలుగా ఉందన్నమాట. కళైవాణి కదలకుండా గంటసేపు చూసింది. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచింది. ఏ చోట చెయ్యి లేస్తోంది, ఏ చోట ఊపిరి బిగబడుతోంది, ఆగి ఆగి అడిగింది. పోయినసారి తానే చొక్కా పైకి మడవమని అడగాల్సిందనీ, అది తన తప్పనీ మధ్యలో ఒప్పుకుంది. నాకు ఆ పిల్ల మీద ఇష్టం అక్కడే పుట్టింది.

తర్వాత శంకరన్‌తో చెప్పింది. స్టాండు మరీ ఎత్తుగా ఉంది, చేతిని భుజం కంటే పైకెత్తి లాగాల్సి వస్తోంది, దాన్ని దించాలి. ఆరాయి ఎడమచేత్తో, కాళ్ళు తన్నిపెట్టి, ఒంటి బరువుతో లాగాలి. తీగ కోసుకోకుండా చేతికి గ్లవుజు, ఎందుకంటే ఆ చేతికి చిన్న గాయమైనా చీము పట్టొచ్చు. మధ్యమధ్య చెయ్యి పైకి పెట్టుకుని విశ్రాంతి. కొన్ని వారాలు చిన్న స్టేటర్లే, బలం వస్తున్న కొద్దీ పెద్దవి. తీగ పొడుగ్గా ఉండే మొదటి చుట్లు జోడీమనిషి లాగితే, చివర్న కొసలన్నీ దారంతో కట్టే పని ఇద్దరిదీ ఆరాయి చేయాలి. అప్పుడు ఎవరి రుణం ఎవరికీ ఉండదు.

"ఒక్క మనిషి కోసం స్టాండు కోయించమంటే ఎలా మేడం?" అన్నాడు శంకరన్. "రేపు అందరూ అడుగుతారు."

"మీరు ఒకసారి కూర్చోండి సార్," అంది కళైవాణి.

ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఆమె ఆయన కుడిచేతిని తువ్వాలుతో ఒంటికి కట్టేసి, ఇప్పుడు లాగమంది. మూడో చుట్టుకు నవ్వు పోయింది. ఐదో చుట్టుకు చొక్కా వీపుకు అంటుకుంది. మేం పెదాలు బిగబట్టుకుని చూస్తున్నాం.

"మీసం ఊడి పడుతుందేమో సూడే," అని జెనిఫర్ నా చెవిలో గొణిగింది, గొణుగుడు గదంతా వినబడేంత.

కళైవాణి పకపకా నవ్వేసింది. ఆపుకోవాలని చూసింది గానీ కాలేదు. ఆమెకు మా మాట వచ్చని పెద్దమ్మా నేనూ ఎవరికీ చెప్పలేదు, మిగతావాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగళవారం తాము అరిచిన అరుపులన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మేడం ఫ్యాను వంక ఎందుకు చూసిందో వాళ్ళకూ తెలిసింది. జెనిఫర్ కొంగులో ముఖం దాచుకుంది.

"ఏమంటున్నారు మీరంతా?" అన్నాడు శంకరన్.

"మీరు బాగా లాగుతున్నారంటున్నారు సార్," అంది కళైవాణి. ఆ రోజు నుంచి ఆమె మా మనిషి.

స్టాండు దించారు. నెల తిరిగేసరికి అన్ని స్టాండ్లూ దించారు, శంకరన్ తానే ఆలోచించినట్టు. కానీ నేను చెప్పాల్సింది కమలమ్మాళ్ సెలవు తర్వాత తిరిగొచ్చిన రోజు సంగతి.

ఆమె భుజానికి పట్టీ ఉంది. నోరు మాత్రం పూర్తిగా నయమై వచ్చింది. బస్సులో, ఆసుపత్రిలో, ఇంట్లో జరిగినవన్నీ కంతలోంచి పంపుతూ కూర్చుంది. కొత్త ఏర్పాట్లన్నీ నేను ఆమెకు ఫోన్‌లో చెప్పే ఉన్నాను. అయినా నమ్మలేదు. మొదటి తీగ తోసిందో లేదో, అలవాటుగా కొంగు దోపుకుని లేచింది, చుట్టూ తిరగడానికి.

"కూసోవే!" అని కంతలోంచి కేక వచ్చింది.

కమలమ్మాళ్ సగం లేచి అలాగే ఆగిపోయింది. సెక్షన్ అంతా ఆగింది. నేను తొట్టి దగ్గర నుంచి కదిలి వచ్చాను. పెద్దమ్మ ఆ పక్క ఏం చేస్తోందో స్టేటర్ అడ్డమై కనిపించడం లేదు. ఈ పక్క నేల మీద చుట్టగా పడి ఉన్న తీగ కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. పాత ఆరాయి లాగితే సర్రున పోయేది, ఇది నత్తలా పోతోంది. మధ్యలో ఒకసారి చాలాసేపు ఆగింది, కమలమ్మాళ్ కాలు ముందుకు వేయబోయి తనను తాను ఆపుకుంది. మళ్ళీ కదిలింది. చుట్ట విప్పుకుంటూ విప్పుకుంటూ, కమలమ్మాళ్ పట్టుకున్న కొస తప్ప నేల మీది తీగంతా రంధ్రంలోకి పోయింది. బిగిసింది.

అప్పుడు కమలమ్మాళ్ చేతిలో తీగ రెండుసార్లు చిన్నగా గుంజింది.

ఆమె ఆ తీగను రెండు చేతులా పట్టుకుని, తిరిగి నా వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఎన్ని నెలలుగా ఆ రెండు కొసలా తానే ఉందో ఆమెకు తప్ప ఎవరికి తెలుసు?

"సత్యా," అంది. "అవతల మనిసి ఉండాదే."

"ఉండక యాడికి పోతానే?" అంది మా పెద్దమ్మ కంతలోంచి. "తీగ లాగు."